ఏడో చెట్టు కింద ఎవరూ లేరు

అనగనగా ఒక అడవిలో ఏడు చిలకలుండేవి. చిలకలు ఏ అడవిలోనైనా ఉంటాయి కదా, ఇందులో వింతేముంది అంటారేమో. ఉండండర్రా, చెప్పనివ్వండి. మనకి టీవీ ఎలాగో, ఆ అడవికి ఆ ఏడు చిలకలు అలాగ. వాగు పొడుగునా ఎగువనుంచి దిగువకి ఏడు చెట్లు, చెట్టుకొక చిలక.

ఆ అడవికి రాజు పెద్దపులి. ఏటా మాఘ పున్నమి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే, ఎగువన జలపాతం పక్కనున్న బండ ఎక్కి, "ఏడాది మాట" చెప్పేవాడు. అడవి ఎలా ఉంది, ఏం బాగుపడింది, ఇకముందు ఏం చేస్తాం అన్నీ అందులో ఉండేవి. మొదటి చెట్టుమీది చిలక అది విని, అచ్చం పులి గొంతుతోనే తన చెట్టు కిందివాళ్ళకి వినిపించేది. దాన్ని విని రెండోది, రెండోదాన్ని విని మూడోది. రాజుగారు మధ్యలో దగ్గితే ఆ దగ్గు కూడా దిగువనున్న ఏడో చెట్టుదాకా వెళ్ళాల్సిందే.

మాట అయ్యాక గోరింకల పని మొదలు. చెట్టుకొక గోరింకల జంట. చెట్టు కింద నిలబడి విన్నవాళ్ళని "రాజుగారి మాట ఎలా ఉంది?" అని అడగాలి. నచ్చినవాళ్ళు పచ్చాకు ఇస్తారు, నచ్చనివాళ్ళు ఎండుటాకు ఇస్తారు. ఆ ఆకులన్నీ తీసుకెళ్ళి రాజు ముందు పొయ్యాలి. పచ్చాకులు బాగా తెచ్చినవాళ్ళకి రాజుగారి బండ పక్కనున్న కొలువుచెట్టు మీద ఏడాదంతా చోటు. మరి వినడానికి రానివాళ్ళ సంగతేమిటి? వాళ్ళని ఎవరూ అడిగేవారు కాదు. "రానేలేదు కదా, ఇంకేం అడుగుతాం" అనుకునేవారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఏడో చెట్టుది పైడమ్మ అనే గోరింక. ముక్కూ కాళ్ళూ పసుపు పూసినట్టు ఉంటాయని తల్లి ఆ పేరు పెట్టింది. పైడమ్మ మొగుడు అప్పన్న. ఇద్దరూ కలిసే తిరిగేవారు. అప్పన్న అందరినీ నవ్విస్తూ అడిగేవాడు, పైడమ్మ ఆకులు ఏరి దొప్పలో పెట్టేది. ఆ కార్తీకంలో అప్పన్నని డేగ తన్నుకుపోయింది. నాలుగు రోజులు అందరూ వచ్చి అయ్యో అన్నారు. అయిదో రోజునుంచి ఎవరి జంట వాళ్ళది, ఎవరి గూడు వాళ్ళది. పైడమ్మ పొద్దున్న లేచి ఒక మాట అని, దానికి జవాబు రాక, అప్పుడు గుర్తొచ్చి ఊరుకునేది. రోజూ అంతే.

అలాగే మాఘం వచ్చింది.

ఆ ఏడాది పులి చాలా బాగా మాట్లాడాడు. "మన వాగు నిండుగా ఉంది. మన అడవి పచ్చగా ఉంది. ఎవరికీ ఏ లోటూ లేదు" అన్నాడు. అబద్ధమాడాలని కాదు పాపం. ఆయన ఉండేది జలపాతం పక్కన. కళ్ళు తెరిస్తే నీళ్ళే కనపడేవి.

ఏడో చిలక కూడా అదే గొంతుతో అదే మాట చెప్పింది. "మన వాగు నిండుగా ఉంది." పైడమ్మ కిందికి చూసింది. చెట్టు కింద ఒక్క పురుగైనా లేదు. నిరుడు నలభై మంది నిలబడ్డ చోటు అది. చిలక మాత్రం తన పని తను చేసుకుపోయింది. చివర్న దగ్గింది కూడా.

"వీళ్ళంతా ఏరీ?" అనుకుంటూ పైడమ్మ వెతకడానికి ఎగిరింది.

ముందు కుందేళ్ళ బొరియ దగ్గర వాలింది. బొరియ గుమ్మంలో సాలెగూడు ఉంది. అంటే ఎప్పుడో వెళ్ళిపోయారన్నమాట.

తరవాత దారిలో ఒక కణుజు, అదే పెద్ద దుప్పి, కనపడింది. పెద్ద కొమ్ములు, లోపలికి పోయిన డొక్కలు.

"వినడానికి రాలేదేం బావా?" అంది పైడమ్మ.

"నీళ్ళ కోసం ఎగువకి నడవాలమ్మా. పొద్దున్న బయల్దేరితే తిరిగొచ్చేసరికి సందెపడుతుంది. వాగు నిండుగా ఉందని వినడానికి నాకు తీరికేదీ?" అని ఆగకుండా నడిచిపోయాడు.

ఆఖరికి వాగులోకి దిగింది. వాగంటే ఇప్పుడు ఇసుకా రాళ్ళూ. వాటి మధ్య చాటంత గుంట, అందులో బురదనీళ్ళు. ఆ నీళ్ళలో ముసలి పీత ఒకడు ఉన్నాడు. పేరు సన్యాసి. అందరికీ తాత.

తాత కళ్ళు బయటికి పెట్టి చూశాడు. "పైడమ్మేనా? ఇద్దరూ కదమ్మా వచ్చేవారు. అప్పన్నేడీ?"

మూడు నెలల్లో అప్పన్న పేరెత్తి అడిగినవాళ్ళు ఎవరూ లేరు. పైడమ్మ జరిగింది చెప్పింది. తాత ఏమీ ఓదార్చలేదు. "నవ్వించేవాడు. నా నడక చూసి నన్నే ఆటపట్టించేవాడు" అన్నాడు. ఇద్దరూ కాసేపు అప్పన్న గురించి చెప్పుకున్నారు. పైడమ్మకి కార్తీకం తరవాత అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు.

అప్పుడు తాత తన సంగతి చెప్పాడు. "ఎగువన అడవిదున్నలు వాగులో పొర్లి పొర్లి బురద కట్ట కట్టేశాయి తల్లీ. నీళ్ళన్నీ పక్కకి మళ్ళిపోయాయి. ఈ గుంట ఎండాకాలం దాటదు. కుర్రవాళ్ళు వెళ్ళిపోయారు. ఈ రాళ్ళమీద, ఎండలో, నేను సగం దారైనా పోలేను. రాజుగారికి ఒక్కసారి చెప్పు. ఆయన చెబితే దున్నలు ఒక్క పూటలో ఆ కట్ట తొక్కేస్తాయి."

"చెప్తాను తాతా."

"ఇవ్వడానికి నా దగ్గర ఆకు లేదమ్మా, పచ్చదీ లేదు, ఎండుదీ లేదు. ఇదిగో, ఇది పట్టుకెళ్ళు." గుంట ఒడ్డున పగిలిన బురద బెడ్డ ఒకటి పటకారులాంటి డెక్కతో తీసి ఇచ్చాడు.

పైడమ్మ ఆ బెడ్డ ముక్కున పెట్టుకుని ఎగువకి ఎగిరింది. కొలువుచెట్టు దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఒకటే సందడి. ఆరు జంటల గోరింకలు ఆరు పచ్చటి కుప్పలు పోశాయి. కింద నక్కలు వాదించుకుంటున్నాయి. "ఈసారి తోక రెండుసార్లే ఊపాడు" అని ఒకడు. "మూడు" అని ఇంకొకడు. "ఆ దగ్గు చూశావా, ఎంత ఠీవిగా దగ్గాడో" అని మరొకడు. వాగు గురించి మాత్రం ఎవరూ మాట్లాడడం లేదు.

మంత్రి కొండముచ్చు పారినాయుడు పైడమ్మకి ఎదురొచ్చాడు. "ఏడో చెట్టు ఆకులేవమ్మా? ఆ మట్టి ఏమిటి ముక్కున? ఒంటిదానివని జాలిపడి నీకోసం కొలువుచెట్టు మీద ఒక కొమ్మ అట్టేపెట్టాను. పన్నెండు పచ్చాకులైనా తేకపోతే నేనేం చెయ్యను? పొద్దు ఉండగానే తీసుకురా."

పైడమ్మ చెట్టుకేసి చూసింది. కొమ్మ కొమ్మకీ గోరింకలు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. ఆ మధ్యన ఒక్క జాగా ఖాళీగా ఉంది. అక్కడ కూర్చుంటే ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు ఉంటారు. పొద్దున్నే ఒక మాటంటే జవాబొస్తుంది. తాతకి ఇచ్చిన మాటా గుర్తుంది. కానీ తన గూడులో సగం చోటు ఖాళీగా ఉండడం ఇంకా బాగా గుర్తుంది.

బెడ్డని పొద చాటున జారవిడిచింది. పక్కనున్న కానుగ చెట్టునుంచి పన్నెండు పచ్చాకులు తుంచింది. తీసుకెళ్ళి రాజు ముందు పోసింది.

పులి మురిసిపోయాడు. "దిగువ కూడా పచ్చగానే ఉందన్నమాట" అన్నాడు. పైడమ్మ ఎగిరి ఆ ఖాళీ జాగాలో కూర్చుంది.

చోటు దొరికింది. మరి సుఖపడిందా అంటే, ఏం సుఖపడుతుంది చెప్పండి. కొలువుచెట్టు మీద పగలంతా మాటలే. రాజుగారు ఎలా నిలబడ్డాడు, ఎక్కడ ఆగాడు, ఎవరికేసి చూశాడు, ఇవే. పైడమ్మ ఒకరోజు "మా అప్పన్న ఉంటే" అని మొదలుపెట్టింది. పక్కనున్న గోరింక "ఆ ఆ" అని అటు తిరిగి ఇంకెవరితోనో మాట్లాడింది. ఎండలు ముదిరాక జలపాతం కూడా సన్నబడింది. అది చూసినప్పుడల్లా పైడమ్మకి చాటంత గుంట కళ్ళముందు కనపడేది. "ఇంకెవరైనా చెప్పే ఉంటారులే" అనుకునేది. వానలొచ్చాక "ఇప్పుడు నిండే ఉంటుందిలే" అనుకునేది. వెళ్ళి చూడ్డానికి మాత్రం ధైర్యం చాలలేదు.

మళ్ళీ మాఘం వచ్చింది. ఈసారి వెళ్ళక తప్పలేదు.

ఏడో చెట్టు మీద చిలక ఒక్కతే కూర్చుని, ఎవరూ లేని చోట రాజుగారి మాట చెప్పింది. "మన అడవి నిరుటికంటే పచ్చగా ఉంది" అంది. మాట ముగించాక పైడమ్మని చూసి, చిలక తన సొంత గొంతుతో నెమ్మదిగా మాట్లాడింది.

"నిరుడు తాతైనా ఉండేవాడు. గుంటలోంచే నాతో కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు అదీ లేదు."

"ఎప్పుడు?" అంది పైడమ్మ.

"వైశాఖంలో. రోజూ ఎగువకేసే చూసేవాడు. నీళ్ళొస్తాయి, పైడమ్మ చెప్తానంది కదా, ఆ పిల్ల మాట తప్పదు అనేవాడు. గుంట ఎండిన రోజు కూడా అదే అన్నాడు."

పైడమ్మ కిందికి దిగింది. గుంట చోట పగుళ్ళు ఉన్నాయి. పగుళ్ళ పక్కన ఎండకి తెల్లబడ్డ పీత డిప్ప ఉంది. ఎగువ వైపుకే తిరిగి ఉంది. పైడమ్మ దాని పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ వాగులో ఆ ఏడుపు వినేవాళ్ళు ఎవరూ లేరు.

తరవాత ఆ డిప్పని ముక్కున కరచుకుని లేచింది. బరువుకి దారిలో మూడుసార్లు ఆగింది. కొలువులోకి వచ్చి పచ్చటి ఆకుల కుప్పల మధ్య దాన్ని పెట్టింది.

పారినాయుడు "ఇదేమిటి, శుభమా అని" అంటూ దాన్ని తీసెయ్యబోయాడు. పులి పంజా అడ్డం పెట్టి ఆపాడు.

"ఇది పచ్చాకా, ఎండుటాకా?" అని అడిగాడు.

"ఇది నిరుడు మీకు ఇవ్వాల్సిన ఆకు, దొరా" అంది పైడమ్మ.

"నిరుడు పన్నెండు పచ్చాకులు తెచ్చావుగా?"

"అవి నేనే తుంచాను. ఏడో చెట్టు కింద ఎవరూ లేరు. ఉన్న ఒక్క ముసలాయన, దున్నల బురద కట్టవల్ల నీళ్ళు రావడం లేదని మీకు చెప్పమన్నాడు. చెప్తానన్నాను. ఈ చెట్టు మీద చోటు కోసం చెప్పలేదు. ఒంటరిగా ఉండలేకపోయాను దొరా. ఆయన మాత్రం నేను చెప్తాననే ఆఖరిదాకా చూశాడు."

పులి బండ దిగి దిగువకి నడిచాడు. వెనకాల వస్తామన్నవాళ్ళని వద్దన్నాడు. ఒకటో చెట్టు, రెండో చెట్టు దాటాడు. నాలుగో చెట్టు దాటేసరికి గడ్డి ఎండిపోయి ఉంది. ఏడో చెట్టు కిందికి వచ్చి నిలబడ్డాడు. పులిని చూసి పారిపోవడానికి కూడా అక్కడ ఎవరూ లేరు. ఏడాదికోసారి తను చెప్పిన గొప్పలన్నీ ఇంత ఖాళీ చోట వినపడ్డాయా అనుకుని ఆయనకి సిగ్గేసింది.

మర్నాడే పులి మాటమీద దున్నలు కట్ట తొక్కాయి. తాత చెప్పినట్టే, ఒక్క పూటే పట్టింది. నీళ్ళు ఇసుకని తడుపుకుంటూ దిగువకి వచ్చాయి. ఇక మీదట గోరింకలు ముందు వినడానికి రానివాళ్ళ ఇళ్ళకి వెళ్ళాలని, ఎందుకు రాలేదో అడిగి తెలుసుకున్నాకే చెట్టు కింద ఆకులు ఏరాలని పులి కట్టడి చేశాడు.

పైడమ్మని ఎవరూ వెళ్ళగొట్టలేదు. తనే కొలువుచెట్టు దిగి, ఏడో చెట్టు మీద గూడు కట్టుకుంది. మరుసటి మాఘానికి కణుజు వచ్చాడు, రెండు కుందేళ్ళు వచ్చాయి. ముగ్గురే. చిలక చెప్పింది విన్నారు. ఒక పచ్చాకు, రెండు ఎండుటాకులు ఇచ్చారు. పైడమ్మ ఆ మూడూ దొప్పలో పెట్టింది.

బయల్దేరే ముందు వాగు ఒడ్డున వాలింది. తాత గుంట ఎక్కడో ఇప్పుడు తెలియదు, దానిమీద నిండా నీళ్ళు. "తాతా, నీళ్ళొచ్చాయి" అంది. కాసేపు ఆగింది. జవాబు ఎవరిస్తారు? దొప్ప ముక్కున పెట్టుకుని, ఒక్కతే ఎగువకి ఎగిరింది.

నీతి: ఎదురుగా నిలబడి మెచ్చుకునేవాళ్ళని అడిగితే సరిపోదు, రాలేకపోయినవాళ్ళనీ వెతికి అడగాలి. వాళ్ళు నమ్మి చెప్పిన మాటని మన తోడు కోసం, మన చోటు కోసం దారిలో జారవిడవకూడదు.