దిష్టిచుక్క పెట్టిన బోర్డు

గవ్వలపాలెం తీరంలో చోడిపిల్లి ఎల్లాజీ అనే జాలరి ఉండేవాడు. నీళ్లమీద తేలేది ఏదైనా తనకు తెలుసనీ, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదనీ అతని నమ్మకం.

ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. తెప్ప కట్టడంలో అతనంతటివాడు మా తీరంలో లేడు. నాకు ఇష్టం లేకపోయినా ఈ మాట ఒప్పుకుంటాను. వేట నుంచి రాగానే అతను తెప్ప కట్లు విప్పేవాడు. దుంగలను విడివిడిగా ఇసుక మీద పరిచి ఎండబెట్టేవాడు. దుంగ నీళ్లు తాగితే బరువెక్కుతుంది. ఎండితే మళ్లీ తేలికవుతుంది. అతని తాత అలాగే చేసేవాడు, తండ్రి అలాగే చేసేవాడు, అతనూ అలాగే చేసేవాడు.

అదే తీరంలో నేను ఫైబరు పడవలకు అతుకులు వేసేవాణ్ణి. నా పేరు బండియ్య. నేను వేసిన అతుకు ఊడిందని ఎవరూ అనలేదు, ఒక్క ఎల్లాజీ తప్ప. పదకొండేళ్ల కిందట, అప్పట్లో అతనికున్న ఫైబరు పడవకు ఒక అతుకు వేశాను. తర్వాత పడవలోకి నీళ్లొచ్చాయి. బండియ్య అతుకు కారిందని అతను రేవంతా చాటాడు. కారింది నా అతుకు కాదు. దానికి జానెడు అవతల అతనే కొట్టుకున్న మేకు దగ్గర కారింది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

ఎల్లాజీకి నూకరత్నం అని ఒక్కతే కూతురు. పదహారేళ్ల పిల్ల. పగలు తల్లితో చేపల బజారుకు వెళ్లేది. తెల్లవారగానే, సాయంత్రం పూటా సముద్రంలో దిగి బోర్డు మీద నిలబడి అలల మీద వచ్చేది. సర్ఫింగ్ నేర్పే శామ్యూల్ మాస్టారు ఆమె కాళ్ల నిలకడ చూసి, తన దగ్గరున్న వాటిలో మంచి బోర్డు ఒకటి ఆమె చేతికిచ్చాడు. పది రోజుల్లో మా తీరంలోనే రాష్ట్ర జట్టుకు ఎంపిక ఉంది. అమ్మాయిల్లో ఇద్దరినే తీసుకుంటారు. ఆ ఇద్దరిలో రత్నం ఉంటుందని తీరంలో అందరూ అనుకునేవారు.

ఆ బోర్డు చెక్కది కాదు. లోపల థర్మాకోల్ లాంటి తెల్లటి నురగ దిమ్మ ఉంటుంది. దాని చుట్టూ గాజు పోగులతో నేసిన గాజుగుడ్డ. గుడ్డను దిమ్మకు పట్టి ఉంచేది ఎపాక్సీ బంక. ఎప్పుడూ నీడలోనే ఉంచాలనీ, మూసిన వ్యానులో వదలకూడదనీ, పైన కప్పితే తెల్లదే కప్పాలనీ మాస్టారు రత్నానికి చెప్పాడు. రత్నం ఇంటికి వచ్చి తండ్రికి చెప్పింది.

“నాన్నా, దీన్ని ఎండలో పెట్టకూడదంట. మాస్టారు పదిసార్లు సెప్పారు.”

“మీ మాస్టారు ఎన్నిసార్లు వేటకెళ్లాడు?”

“వేట సంగతి కాదు నాన్నా. బోర్డు సంగతి.”

“నీళ్లలోంచి వచ్చింది ఏదైనా ఎండాలి. లేకపోతే నీరు తాగి బరువెక్కుద్ది. నాకు సెప్పకు.”

“ఎందుకు పెట్టకూడదో ఆయన్నే అడగొచ్చు కదా.”

“నాను ఆయన్ని అడగాలా? ఆయన పుట్టకముందే నాను తెప్పెక్కినాను,” అన్నాడు ఎల్లాజీ.

రత్నం బోర్డును మంచం కింద పెట్టి బజారుకు వెళ్లేది. ఆమె అటు వెళ్లగానే ఎల్లాజీ దాన్ని తీసి ఇసుక మీద ఆరబెట్టేవాడు. ఆమె వచ్చేలోగా మళ్లీ మంచం కిందకు చేర్చేవాడు. చెడగొట్టాలని కాదు. కూతురి బోర్డు తేలిగ్గా ఉండాలని.

శుక్రవారం వచ్చింది. ఎంపిక ఆదివారం పొద్దున. ఇంతమంది కళ్లు తన కూతురి మీదే ఉన్నాయని ఎల్లాజీకి భయం పట్టుకుంది. పడవలకు వేసే నల్లరంగు డబ్బా తీశాడు. తెల్లటి బోర్డు నడిమధ్యన పళ్లెమంత దిష్టిచుక్క పెట్టాడు. రంగు తొందరగా ఆరాలని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇసుక మీద పెట్టాడు. తను వలల పాక నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

నేను టీ తాగడానికి అటు వెళ్తున్నాను. బోర్డు కనిపించి ఆగాను. కాలు జారకుండా దాని మీద రాసిన మైనం కరిగి అంచుల మీదకి కారుతోంది. బోర్డు ఎంత వేడెక్కిందో అది చూస్తేనే తెలుస్తోంది. నల్లరంగు ఎండను మరీ పీల్చుకుంటుంది. దిమ్మలో ఉన్న గాలి ఉబ్బుతుంది. బంక మెత్తబడుతుంది. అప్పుడు గాజుగుడ్డ దిమ్మను వదిలేసి పైకి లేస్తుంది. ఎంతో సేపు పట్టదు. ఇదంతా నాకు చూడగానే తెలుసు. ఆ బంకతో పని చేసి చేసి నా గోళ్లే పసుపు రంగుకు తిరిగాయి.

మాట నోటి దాకా వచ్చింది. అప్పుడు ఎల్లాజీ తల ఎత్తి, పక్కనున్న పిల్లితో మాట్లాడాడు. మాటల్లేని రోజుల్లో మేము అలాగే మాట్లాడుకునేవాళ్లం.

“పిల్లీ, అతుకులాయన వచ్చినాడు. ఇప్పుడేటి కారుద్దో సూసుకో,” అన్నాడు.

పక్కన వలలు లాగుతున్న నలుగురు నవ్వారు.

నేనూ పిల్లితోనే అన్నాను. “అన్నీ తెలిసినోళ్లకి చెప్పేటంత వాణ్ణి కాదులే, పిల్లీ.”

అని టీ తాగడానికి వెళ్లిపోయాను. టీ కూడా సహించలేదు. అయినా వెనక్కి రాలేదు. పాక నీడ అక్కడికి పది అడుగుల దూరం కూడా లేదు. జరిపితే ఎల్లాజీ చేతికి రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల మాట నేను చెప్పలేదు.

సాయంత్రం రత్నం బజారు నుంచి వచ్చింది. చుక్క ఉన్నంత మేరా బోర్డు పూరీలా పొంగి ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయింది. వదలగానే పైకి లేచింది.

“నాన్నా, ఇదేటి?”

“గాలి పట్టింది. అణిగిపోద్ది,” అన్నాడు ఎల్లాజీ. లంగరు రాయి తెచ్చి దాని మీద పెట్టాడు. రాయి ఉన్నంతసేపూ అణిగే ఉంది. రాయి తీయగానే మళ్లీ లేచింది. అప్పుడు అతని మొహం చూడలేకపోయానని రత్నం తర్వాత నాతో చెప్పింది.

ఆ పిల్ల బోర్డు నెత్తిన పెట్టుకుని నా పాకకు వచ్చింది.

“బండియ్య తాతా, ఆదివారానికి ఇది బాగవుద్దా?”

నేను వేలి కణుపుతో తట్టి చూశాను. బాగున్న చోట గట్టిగా పలికింది. చుక్క దగ్గర ఖాళీ డబ్బాలా పలికింది. చుక్క దాటి జానెడు దూరం దాకా అదే చప్పుడు.

“ఊడిన గుడ్డ కోసి తీసెయ్యాలి. కొత్తది వెయ్యాలి. బంక ఆరడానికి ఒక రోజు, గట్టిపడడానికి ఇంకా నాలుగైదు రోజులు. ఆదివారానికి కాదు.”

“పైపైన అంటించెయ్యి తాతా. ఒక్క పూట ఆగితే సాలు.”

“పైపై పని నేను చెయ్యను. అల మీద ఉండగా గుడ్డ లేచిందంటే కాలు చీరుకుపోతుంది.”

ఆమె ఏడవలేదు. కొంచెంసేపు బోర్డు అంచు నిమురుతూ నిలబడింది.

“మజ్జాన్నం నువ్వు అటు వచ్చావంట. నాన్న సెప్పాడు. అప్పుడు దీన్ని సూశావా?”

“చూశాను.”

“ఇలాగవుద్దని తెలుసా?”

“తెలుసు.”

“మరి సెప్పలేదేం తాతా?”

“పదకొండేళ్ల కిందట మీ నాన్న నన్ను నలుగురిలో,” అని మొదలుపెట్టాను.

“అప్పుడు నాకు అయిదేళ్లు తాతా,” అంది రత్నం.

నేను బోర్డు తీసుకుని నా పాక లోపల నీడలో గోడకు ఆనించాను.

ఆదివారం మాస్టారు దగ్గర వేరే మంచి బోర్డు లేదు. ఉన్నవన్నీ పోటీకి దిగిన మిగతా పిల్లల చేతుల్లో ఉన్నాయి. కొత్తవాళ్లు నేర్చుకునే మెత్తటి లావుపాటి బోర్డు రత్నానికి ఇచ్చాడు. అది తిరగమంటే తిరగదు. ఆమె దాని మీదే నాలుగు అలలు పట్టింది. ఒక్కసారి కూడా పడలేదు. కానీ మలుపులు తీయలేకపోయింది. ఎంపిక చేసేవాళ్లు ఇద్దరి పేర్లు చదివారు. రత్నం మూడోది. మళ్లీ ఎంపిక ఏడాదికి గానీ రాదు. మాలాంటి ముసలివాళ్లకు ఏడాది ఇట్టే పోతుంది. పదహారేళ్ల పిల్లకు ఏడాదంటే ఎంతో మీరే ఆలోచించండి.

మర్నాడు మధ్యాహ్నం ఎల్లాజీ నా పాకకు వచ్చాడు. ఈసారి పక్కన పిల్లి లేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“అదెందుకు లేచింది, బండియ్యా?” అని అడిగాడు.

అతను ఎవరినైనా ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు. నేను బోర్డును ఎండలోకి తీసుకెళ్లి కాసేపు ఉంచాను. “తెల్లచోట చెయ్యి పెట్టు,” అన్నాను. పెట్టాడు. “ఇప్పుడు చుక్క మీద పెట్టు.” పెట్టిన వెంటనే చెయ్యి తీసేసుకున్నాడు.

“చెక్క దుంగ తాగిన నీళ్లు ఎండ తీసేస్తుంది. దీని పైతోలు బాగున్నంతకాలం నీళ్లు లోపలికి పోవు. ఎండబెట్టక్కర్లేదు. తుడిచి నీడలో పెడితే చాలు. వేడి తగిలితే లోపలి దిమ్మ ఉబ్బుతుంది, బంక పట్టు వదిలేస్తుంది. ఒకసారి వదిలిందంటే రాయి పెట్టినా అంటుకోదు,” అన్నాను.

అతను చుక్క అంచు వేలితో తడిమాడు.

“చుక్క పిల్ల మంచికే పెట్టినాను.”

“తెలుసు.”

“ఆ రోజు నువ్వొక్క మాటంటే పోయేది.”

“మాస్టారిని నువ్వొక్క మాట అడిగితే పోయేది,” అన్నాను. కానీ అతను ఆ పిల్ల తండ్రి. తెలియక చేశాడు. నేను తెలిసి ఊరుకున్నాను.

ఆ వారమంతా ఇద్దరం కలిసి బోర్డు బాగుచేశాం. నేను గుడ్డ కోశాను, బంక కలిపాను. అతను గుడ్డ ముడత పడకుండా పట్టుకున్నాడు. ఒకచోట వెంట్రుకంత ముడత పడితే ఊడదీయించి మళ్లీ వేయించాను. అతను ఎదురు మాట్లాడలేదు. పాత గొడవ ఇద్దరమూ ఎత్తలేదు. నా వైపు నుంచి అది ఇంకా తేలలేదు, అది వేరే సంగతి. తర్వాత ఎల్లాజీ తీరంలో తాటాకు పందిరి వేశాడు. తీరంలోని పిల్లలందరి బోర్డులూ దాని కిందే పెట్టమన్నాడు. ఎందుకని అడిగినవాళ్లకు ఓపికగా చెప్పేవాడు. అడగనివాళ్లకు నేను చెప్పేవాణ్ణి.

పిల్లలూ, తెలియనిది అడగకపోవడం తప్పు. తెలిసినది పగ పెట్టుకుని చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు, ఎందుకంటే ఆ దెబ్బ మనం పగబట్టిన మనిషిని దాటి, ఏ పాపమూ ఎరగని వాళ్లకు తగులుతుంది.