రాగిగాడిని దాచిన ఇల్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవి ఊరివైపు పలచబడే చోట ఒక కొత్త కాలనీ. అక్కడ బొరియలు అద్దెకిచ్చేవారు. ఇల్లు ఖాళీగా ఉంటే గుమ్మానికి పచ్చని మండ వేలాడదీసేవారు.

దూదమ్మ అనే కుందేలు ఆ మండల కోసమే తిరుగుతోంది. వాగు గట్టు విరిగి తన ఇల్లు కొట్టుకుపోయింది. మబ్బు కమ్ముకొస్తోంది. వాన మొదలయ్యేలోపు ఇల్లు దొరకాలి, తనకీ, రాగిగాడికీ. రాగిగాడు కుక్క. కళ్లు తెరవని కూనగా దొరికితే దూదమ్మే పెంచింది. ఇప్పుడు తనకంటే నాలుగింతలున్నాడు.

మొదటి గుమ్మంలో ఉడుము కూర్చుని ఉంది.

"ఎంతమంది ఉంటారమ్మా?"

"ఇద్దరమే బాబాయ్. నేనూ, మా కుక్కా."

ఉడుము చటుక్కున తోక లోపలికి లాక్కుంది. "కుక్కా!"

"మావాడు ఎవర్నీ ఏమీ అనడు బాబాయ్."

"కుక్కల్ని పెంచేవాళ్లంతా ఆ మాటే అంటారు. వెళ్లిరా తల్లీ."

ఇళ్లు చూపించే కాకి కొమ్మ మీద నవ్వింది. "నీకు బతకడం తెలీదు వదినా! ముందు చేరిపో. చేరాక ఎవరు గెంటుతారు?"

ఉరిమింది. దూదమ్మ గబగబా రెండో ఇంటికి వెళ్లింది. అది ముళ్లపందిది.

"ఎంతమంది?"

దూదమ్మ ఒకసారి మబ్బు వైపు చూసింది. "నేనొక్కదాన్నే అక్కా."

ఇల్లు దొరికింది. ఎవరూ చూడకుండా రాగిగాడిని తెచ్చి, వెనక గదిలో గడ్డి కింద పడుకోబెట్టింది. "మొరిగావంటే మన బతుకు వానపాలే" అంది.

కొత్త ఇంట్లో చేరిన రోజే పాలు పొంగించడం ఆ కాలనీ ఆచారం. ఇంటావిడ ముళ్లపంది వచ్చింది. పక్కింటి ఎలుకమ్మ పిల్లలందరితో వచ్చింది. మొరుగుడు సంగతి దూదమ్మ ముందే ఆలోచించుకుంది. రాలే వెంట్రుకల సంగతీ ఆలోచించుకుంది. పాల వాసన సంగతే తట్టలేదు.

పాలు పొంగాయి. వెనక గదిలో గడ్డి కదిలింది. తోక ఊపుకుంటూ రాగిగాడు నడి ఇంట్లోకి వచ్చేశాడు.

"కుక్క! కుక్క!"

ఎలుకపిల్లలు చెల్లాచెదురయ్యాయి. ఎలుకమ్మ ఒక్కొక్కరినీ దగ్గరకు లాక్కుని, గొంతు చించుకుని అరిచింది. "నా చిన్నోడేడీ? తినేసింది! నా బిడ్డను తినేసింది!"

ముళ్లపంది ముళ్లు నిక్కపొడుచుకున్నాయి. దూదమ్మ రాగిగాడికి అడ్డం నిలబడింది.

"లేదక్కా! మావాడు ఎవర్నీ ఏమీ అనడు!"

"ఒక్కదాన్నే అని కూడా నువ్వే అన్నావుగా. తప్పుకో."

"అమ్మా, నేనేం తినలేదు" అంటూ రాగిగాడు బిక్కచచ్చి నోరు తెరిచి చూపించాడు. ఆ పళ్లు చూసి ఎలుకమ్మ ఇంకా పెద్దగా ఏడ్చింది. ముళ్లపంది ఒక్కడుగు ముందుకు వేసింది. దూదమ్మ చెప్పేది నిజమే. కానీ వినేవాళ్లెవరూ లేరు.

అంతలో కట్టెల మోపు వెనక నుంచి ఒక తుమ్ము వినిపించింది. చిన్నోడు బూడిద కొట్టుకుని, మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

ఎలుకమ్మ వాణ్ని ఒళ్లోకి లాక్కుంది. ముళ్లపంది ముళ్లు వాలాయి.

"నీ కుక్క మంచిదే" అంది. "అయినా ఖాళీ చెయ్. రేపు ఇంకేదైనా కనబడకపోతే, నీ మాట దేన్ని పట్టుకుని నమ్మను?"

దూదమ్మ రాగిగాడిని తీసుకుని గడప దాటింది. బయట వాన మొదలైంది. ఇద్దరూ తడుస్తూ కాలనీ చివరకు నడిచారు. అక్కడ ఒంటినిండా పొలుసులున్న అలుగు తాత గుమ్మానికి మండ ఉంది. ఈసారి తాత అడగకముందే దూదమ్మ నోరు విప్పింది.

"నాకు కుక్క ఉంది తాతా. ఇదిగో, వీడే. ముళ్లపంది ఇంట్లో వీణ్ని దాచి దొరికిపోయాను. అందుకే గెంటేసింది."

అలుగు తాత రాగిగాడిని ఎగాదిగా చూశాడు. తర్వాత దూదమ్మను చూశాడు.

"నా ఇల్లు ఉత్తరం మూల కారుతుంది" అన్నాడు. "తర్వాత నన్ను తిట్టుకోకు. ఉంటానంటే కాళ్లు తుడుచుకుని లోపలికి రండి."

నీతి: చెప్పాల్సినప్పుడు ఒక నిజం దాచినవాళ్లు, ఆపద వచ్చాక ఇంకో నిజాన్ని ఎంత గట్టిగా చెప్పినా ఎవరూ నమ్మరు.