ఓబన్న ఎద్దు మొదటి సీజన్

నల్లమల అడవిలో గుండ్లవాగు పక్కన ఒక పచ్చిక మైదానం ఉంది. అది గుండ్లవాగు ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్లది. చుట్టుపక్కల పన్నెండు అడవుల్లో పన్నెండు జట్లున్నా, పెద్ద క్లబ్బు ఏదంటే పసిపిట్ట కూడా దీని పేరే చెబుతుంది. ఏనుగు తాత మేనేజరుగా ఉన్న పదకొండేళ్లలో ఏడు కప్పులు గెలిచింది మరి. మోకాళ్లు అరిగి తాత విశ్రాంతి తీసుకున్నాక క్లబ్బు దశ తిరగబడింది. రెండేళ్లలో ముగ్గురు మేనేజర్లు వచ్చారు, పోయారు. పోయిన సీజన్లో జట్టు తొమ్మిదో స్థానానికి దిగజారింది.

క్లబ్బు అధ్యక్షురాలు గాండ్రమ్మ అనే పెద్దపులి. ఆమె ఎవరినీ అడక్కుండా అడవి అంచున ఉన్న మెట్టపల్లెకు కబురు పెట్టి ఓబన్న అనే ఎద్దుని మేనేజరుగా పిలిపించింది. ఓబన్న పగలంతా పొలం దున్ని, సాయంత్రాలు గాడిదల్నీ మేకల్నీ బాతుల్నీ పోగేసి ఒక చిన్న జట్టు నడిపినవాడు. ఆ జట్టుతో ఆడి గెలవడానికి అడవి జట్లు కూడా చెమటలు కక్కేవి.

"ఒక్క సీజన్ చూస్తాను ఓబన్నా," అంది గాండ్రమ్మ. "ఎండాకాలంలో సమీక్ష పెడతాను. నచ్చితే ఉంటావు. లేకపోతే నీ పల్లెకి నువ్వు."

"పల్లెలో ట్రాక్టరు కొన్నారు తల్లీ," అన్నాడు ఓబన్న. "వెనక్కి పోతే నన్ను తోలేది పొలానికి కాదు, సంతకి."

ముసలెద్దుని సంతలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో అక్కడున్న అందరికీ తెలుసు. 

ఒక్కడు మాత్రం మీసాల్లో నవ్వుకున్నాడు. అతను క్లబ్బు కార్యదర్శి గుర్నాథం నక్క. మేనేజరు కుర్చీ మీద అతనికి మూడేళ్లుగా కన్నుంది. 'ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి! నాలుగు మ్యాచ్‌లు ఓడితే అదే పోతుంది,' అనుకున్నాడు.

మొదటి రోజు ఓబన్న చెట్టు నీడన కూలబడి, నెమరు వేస్తూ ఒక పూటంతా ఆట చూశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. జట్టులో పెద్ద ఆటగాడు వీరేశం చిరుతకి ఒళ్లు మండింది. పోయిన సీజన్లో ఇరవై గోల్స్ కొట్టినవాడు.

"ఇదేం మేనేజరయ్యా! నోరు ఆడుతోంది గానీ మాట రావడం లేదు," అన్నాడు అందరికీ వినబడేలా.

"మీ ఆట నెమరేస్తున్నా నాయనా. మింగింది అరగాలి కదా," అని ఓబన్న లేచాడు. "బంతి మన దగ్గరుంటే మీరు పదకొండు మంది. బంతి పోగానే ఏడుగురు. మిగతా నలుగురూ ఎటు పోతున్నారు?"

ఓబన్న గిట్టతో నేల మీద ఒక గీత గీశాడు.

"బంతి పోయిన మరుక్షణం ప్రతి ఒక్కరూ వెనక్కి ఆరడుగులు పరిగెత్తాలి. ఈ ఏడాదికి నా పాఠం ఇదొక్కటే."

"చిరుత వెనక్కి పరిగెత్తడం ఎక్కడైనా చూశావా?" అన్నాడు వీరేశం.

"చూళ్లేదు. అందుకే చూడాలనుంది," అన్నాడు ఓబన్న.

సీజన్ మొదలైంది. నాలుగు మ్యాచ్‌లు ఆడితే మూడు పోయాయి. దుమ్ములగొండుల జట్టుతో ఆడిన రోజయితే మరీ ఘోరం. గోల్‌కీపరు లింగయ్య కొండముచ్చు చేతుల్లోకి మెల్లగా వచ్చిన బంతి జారి, కాళ్ల మధ్య నుంచి దొర్లి గోల్లో పడింది. వార్తలు మోసే కాకులు కొమ్మ కొమ్మకీ ఎగిరి చాటాయి. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడు! నాగలి లాగేవాడికి జట్టు అప్పజెబితే ఇంతే!" ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు కదా. పొడిచినచోటే పొడిచాయి.

అంతటితో ఊరుకోకుండా ఓబన్న వీరేశాన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఒకటి కాదు, వరసగా నాలుగు మ్యాచ్‌లు. వాటిలో రెండు ఓడిపోయారు. గుర్నాథం పరుగున గాండ్రమ్మ గుహకి పోయాడు.

"అమ్మా, ఎనిమిది ఆడితే ఐదు పోయాయి. ఇరవై గోల్స్ వీరుణ్ని బెంచీకి కట్టేశాడు. ఇంకా చూడాలా?"

"సీజన్ అంతా చూస్తానన్నాను గుర్నాథం. నాకు మాట ఒకటే," అంది గాండ్రమ్మ కళ్లు తెరవకుండానే.

తొమ్మిదో మ్యాచ్‌కి వీరేశం మళ్లీ మైదానంలో దిగాడు. తోడేళ్లు బంతి లాక్కుని దూసుకొస్తుంటే, చుక్కల ఒళ్లు ఒకటి వెనక్కి మెరుపులా ఉరకడం అడవి అంతా చూసింది. ఆరడుగులు కాదు, అరవై అడుగులు. సొంత గోలు ముందర బంతి లాక్కుని పక్కనున్న నాగులు అనే దుప్పికి అందించాడు. నాగులు కుడి అంచు వెంబడి గాలిలా పోయి గోల్ కొట్టింది. మూడేళ్లు బెంచీ మీదే గడిపిన దుప్పి అది. దాన్ని ఆడించింది ఓబన్నే.

అక్కణ్నుంచి గాలి మళ్లింది. లీగ్‌లో ఆ మ్యాచ్‌తో కలిపి మిగిలిన పద్నాలుగు మ్యాచ్‌ల్లో గుండ్లవాగు జట్టు ఓడింది ఒక్కటే. కప్పు పోటీలో సెమీఫైనల్ దాకా పోయి తోడేళ్ల చేతిలో మూడు రెండు తేడాతో ఓడిపోయింది. ఆ మ్యాచ్‌లోనే నాగులు కాలు బెణికింది. సీజన్ ముగిసేసరికి జట్టు మూడో స్థానంలో నిలిచింది.

గుర్నాథానికి నిద్ర కరువైంది. పట్టిక చూసి తీర్పు చెబితే ఎద్దు కదలదు. అందుకని కొత్త ఎత్తు వేశాడు.

"అమ్మా, గెలుపోటములదేముంది, పట్టిక చూస్తే తెలుస్తుంది," అన్నాడు గాండ్రమ్మతో. "మేనేజరు ఎలాంటివాడో ఆటగాళ్లనే అడగాలి. సమీక్షకి ముగ్గురు సాక్షుల్ని నేను తెస్తాను."

"తీసుకురా," అంది గాండ్రమ్మ.

గుర్నాథం ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెవిలో ఊదాడు. "అమ్మగారికి తీరిక లేదు. మేనేజరు వల్ల నువ్వు పడిన కష్టం ఒక్క ముక్కలో చెప్పి కూర్చో. అబద్ధం ఆడమనడం లేదు సుమా! జరిగిందే చెప్పు. కానీ ఎక్కువ మాట్లాడావా, ఆవిడ గోళ్లు బయటికొస్తాయి."

జరిగిందే చెప్పమంటే కాదనేదెవరు? ముగ్గురూ తలూపారు.

ఇప్పచెట్ల కింద సమీక్ష జరిగింది. అడవి అడవంతా కదిలొచ్చింది. కాకులు పై కొమ్మలు పంచుకున్నాయి. ఓబన్న ఒక పక్కన నిలబడ్డాడు. ఆ రోజు అతను నెమరు వేయడం లేదు.

మొదట లింగయ్య కొండముచ్చు లేచాడు. "పన్నెండు రోజులు ఈ మేనేజరు నన్ను పొద్దున నిద్ర పోనివ్వలేదమ్మా," అని గబగబా కూర్చోబోయాడు.

"విన్నారా!" అన్నాడు గుర్నాథం. "ఒక్క బంతి జారినందుకు పన్నెండు రోజుల శిక్ష!"

గాండ్రమ్మ తోక ఒకసారి ఆడించింది. "ఊఁ. తరవాత?"

"తరవాతా?" లింగయ్య నక్క వైపు బెదురుగా చూశాడు. "తరవాత... కోడి కూయకముందే నా చెట్టు కిందికి వచ్చి పిలిచేవాడమ్మా. గోల్ ముందు నన్ను నిలబెట్టి తనే బంతులు తన్నేవాడు. రోజుకి వంద. తొమ్మిదో రోజుకి ఆయన గిట్ట చీలింది. ఇంక చాలన్నా అని నేనే ఏడ్చాను. 'నీ చేతులు నిన్ను నమ్మేదాకా తంతాను,' అన్నాడు. ఆ పన్నెండు రోజుల తరవాత ఒక్క బంతి నా కాళ్ల మధ్య నుంచి పోతే ఒట్టు."

"చాలు చాలు, కూర్చో," అన్నాడు గుర్నాథం కంగారుగా. "వీరేశం, నువ్వు చెప్పవయ్యా. ఒక్క ముక్కలో."

వీరేశం లేచాడు. "నన్ను నాలుగు మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చోబెట్టాడు. అడవిలో నా పరువు పోయింది."

"ఊఁ. తరవాత?"

"అమ్మా, అతను చెప్పడం అయిపోయింది," అన్నాడు గుర్నాథం.

"నిన్నడిగానా?" అంది గాండ్రమ్మ. గుర్నాథం తోక కాళ్ల మధ్యకి పోయింది.

వీరేశం గొంతు తగ్గించాడు. "మొదటి మూడు మ్యాచ్‌లు ఆయన ముఖం కూడా చూడలేదమ్మా నేను. వేరే జట్టుకి పోదామనుకున్నా. నాలుగో మ్యాచ్‌లో నా పక్కన కూర్చుని, 'వీరేశం, చిన్న పని. మన నాగులు బంతితో ఎన్నిసార్లు ఒంటరిదైపోతోందో చూసి చెప్పు,' అన్నాడు. చూశాను. పదమూడు సార్లు. పదమూడు సార్లూ నలుగురు మీద పడ్డారు. దాని పక్కన మనవాడంటూ ఒక్కడు లేడు. మ్యాచ్ అయ్యాక చెప్పాను. 'ఆ పక్కన ఎవరుండాలి?' అని అడిగాడు. నేనే ఉండాలి. ఆయన మందలించలేదు. ఇంకో మాట కూడా అనలేదు. పచ్చిక కొరుక్కుంటూ వెళ్లిపోయాడు."

చిరుత గాండ్రమ్మ వైపు తిరిగింది. "ఈ సీజన్లో నా గోల్స్ పదకొండే. కానీ సిగ్గుపడాల్సిన గోల్ ఒక్కటీ లేదమ్మా."

గుర్నాథానికి చెమటలు పట్టాయి. అయినా అతని దగ్గర మూడో సాక్షి ఉంది. అందరికంటే గట్టి సాక్షి. నాగులు దుప్పి కాలికి ఆకుకట్టుతో కుంటుకుంటూ ముందుకొచ్చింది.

"సెమీఫైనల్లో నేను అలిసిపోయి ఆగిపోతున్నా నన్ను బయటికి పిలవలేదమ్మా. అందుకే కాలు బెణికింది. మ్యాచూ పోయింది."

"ఊఁ. తరవాత?"

నాగులు తల అడ్డంగా ఊపింది. "ఇందులో తరవాత ఏమీ లేదు. అది ఆయన తప్పే."

ఇప్పచెట్ల కింద గుసగుసలు లేచాయి. కాకులు రెక్కలు విదిల్చాయి. గుర్నాథం ముఖం వెలిగిపోయింది. "సాక్షి స్వయంగా చెప్పింది! ఇంతకంటే ఏం కావాలి?"

గాండ్రమ్మ ఎద్దు వైపు తిరిగింది. "ఏమంటావు ఓబన్నా?"

"నిజం తల్లీ," అన్నాడు ఓబన్న. "గెలుపు కనబడేసరికి పిల్ల కాళ్లు నాకు కనబడలేదు. ఆరోజు నేను చూడాల్సింది చూడలేదు. దానికి నా దగ్గర సాకు లేదు. నన్ను పంపించేస్తే పోతాను. కానీ నాగులుకి కాలు నయమయ్యేదాకా ఆకు మార్చేవాళ్లని పెట్టి మరీ పంపించు."

"ఇప్పటిదాకా మారుస్తున్నదెవరు?" అంది గాండ్రమ్మ.

నాగులే చెప్పింది. "రోజూ సాయంత్రం ఆయనే వస్తున్నాడమ్మా. మ్యాచ్ పోయిన రోజే వచ్చి, 'తప్పు నాది తల్లీ' అన్నాడు. ఇన్నేళ్లలో ఓడినప్పుడు ఆటగాళ్లని తిట్టిన మేనేజర్లనే చూశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మైదానం మీదా వాన మీదా నెట్టినవాళ్లని చూశాను. తప్పు నాదన్నవాణ్ని ఈయన్నే చూశాను. కాలు నయం కానీ, వచ్చే సీజన్లో ఈయన కిందే ఆడతాను. ఈయన పోతే నేనూ పోతాను."

"నేనూ," అన్నాడు వీరేశం.

లింగయ్య వచ్చి ఓబన్న పక్కన నిలబడ్డాడు.

గాండ్రమ్మ లేచి ఒళ్లు విరుచుకుంది. "సరే, నా లెక్క నేను చెబుతాను. కప్పు రాలేదు. తోడేళ్ల దగ్గర గెలవాల్సిన మ్యాచ్ పోయింది. ఆటగాళ్లని మార్చాల్సిన వేళకి మార్చడం ఓబన్న ఇంకా నేర్చుకోవాలి. అది ఒక పక్క. తొమ్మిది నుంచి మూడుకి వచ్చాం. చేతులు నమ్మని గోల్‌కీపరు నిలబడ్డాడు. తన నీడ తప్ప ఏమీ చూడని చిరుత పక్కవాళ్లని చూశాడు. బెంచీ మీద ఎండిపోతున్న దుప్పి అడవికంతా తెలిసింది. కరువు చేలో మొదటి ఏడు ఇంతకంటే ఏం పండుతుంది? ఓబన్న ఉంటాడు. ఇంకో మూడేళ్లు."

అడవి దద్దరిల్లింది. ఓబన్న కళ్లు తడిశాయి. సంత దారి తనకిక లేదన్నది అతని చెవికెక్కడానికి కాసేపు పట్టింది.

గుర్నాథం చప్పుడు చేయకుండా పొదల్లోకి జారుకోబోయాడు.

"ఆగు," అంది గాండ్రమ్మ. "నా చెవికి సగం మాటలే చేరాలని చూసినవాడు నా కార్యదర్శిగా ఉండడు. అడవి వదిలి పో."

నక్క అక్కడే చతికిలబడింది.

అప్పుడు ఓబన్న ఒక అడుగు ముందుకేశాడు. "తల్లీ, ఒక మనవి. ఇతన్ని నాకివ్వు."

"నీకా? నీకు గోతులు తవ్వినవాణ్నా?"

"గుర్నాథం కళ్లు పదునైనవి. ముగ్గురి కథల్లో ఎక్కడ నొప్పి ఉందో వెతికి పట్టుకున్నాడు కదా. ఆ కళ్లు మనవాళ్ల మీద కాకుండా ఎదుటి జట్ల మీద పెడితే మనకి గోల్స్ వస్తాయి. ప్రతి మ్యాచ్‌కి ముందూ వాళ్ల బలహీనతలు చూసొచ్చి నాకు చెప్పాలి." ఎద్దు నక్క వైపు తిరిగి మెల్లగా అంది. "మొత్తం చెప్పాలి గుర్నాథం. సగం చెబితే ఒప్పుకోను."

అడవంతా పకపకా నవ్వింది. మేనేజరు కుర్చీ కోసం మూడేళ్లు కాపు కాసిన నక్క, మర్నాడు పొద్దున్నే ఆ ఎద్దు ముందు చేతులు కట్టుకుని నిలబడి, తోడేళ్ల జట్టు ఎడమ పక్క ఎందుకు బలహీనమో మొదటి నుంచి చివరిదాకా వివరించింది.

నీతి: పక్కవాడి లోపం పట్టుకోవడం తెలివి, ఆ పట్టుకున్నవాడికి కూడా పని చూపించడం నాయకత్వం.