నాంచారమ్మ గడపలో దొంగదగ్గు

ఒకానొక రాజ్యంలో నల్లవేరు పొడిని అందరూ దగ్గుకి వాడేవారు. అదే పొడి పాలలో కలుపుకుంటే నిద్ర కూడా పడుతుందని రాజవైద్యుడు శేషంభట్టు కనిపెట్టాడు. గజకేతన మహారాజు మెచ్చి రాగిరేకు మీద శాసనం చెక్కించి ఇచ్చాడు. దగ్గుకైతే ఆ పొడి ఎవరైనా అమ్ముకోవచ్చు. నిద్రకి మాత్రం శేషంభట్టే అమ్మాలి.

కోట వెనక వీధిలో నాంచారమ్మ అనే ముసలామె ఆ వేరు కల్వంలో నూరి, పొడి అమ్మేది. భర్త పోయాడు, పిల్లలు లేరు, చూపు మందగించింది. మందు కొనేవాడు గడప ముందు నిలబడి జబ్బు పేరు చెప్పాలన్నది ఆ ఊరి ఆచారం. "ఏం జబ్బు నాయనా?" అని ఆమె అడిగేది. వచ్చినవాడు దగ్గు అని చెప్పి, నమ్మకం కోసం ఓసారి దగ్గేవాడు. పొడి పుచ్చుకుని కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్లేవాడు. రోజంతటిలో ఆమె ఇంకో మనిషి గొంతు వినేది అప్పుడే.

శేషంభట్టు కొలువులో ఫిర్యాదు చేశాడు. ఊళ్లో ఇంతమందికి దగ్గు లేదనీ, నిద్ర పట్టనివాళ్లు దగ్గు నటించి కొంటున్నారనీ, ఆమె తెలిసే అమ్ముతోందనీ అన్నాడు.

గజకేతనుడు సామాన్యులతో నేరుగా మాట్లాడే రాజు కాదు. మంత్రి చెవిలో చెబుతాడు, మంత్రి పైకి చెబుతాడు. తను వేయించిన శాసనం మీద ఆయనకి మీసం మీద ఉన్నంత గర్వం. కల్వం లాక్కుని ఆమెను ఊరు దాటించమని తీర్పు వచ్చింది.

కొలువుకి పిలిపించిన నాంచారమ్మ ఏడవలేదు. "కల్వం పట్టుకుపొండి బాబూ. ఆ అరుగు మాత్రం నాకు ఉండనివ్వండి," అంది.

అప్పుడు విదూషకుడు తిప్పన లేచాడు. "అమ్మినామెకి శిక్ష పడింది, బాగుంది. మరి దొంగదగ్గు దగ్గినవాళ్ల మాటేమిటి ప్రభూ?"

వాళ్లు ఎంతటివాళ్లయినా సరే, కొరడా దెబ్బలు తప్పవని మంత్రి ప్రకటించాడు.

"అయితే పట్టుకోవడం తేలికే. ఈమెకి ముఖాలు ఆనవు గానీ, ఒకసారి విన్న దగ్గు మరిచిపోదు. కొలువంతా వరసగా దగ్గితే చాలు. మర్యాద ప్రకారం సింహాసనం దగ్గర మొదలుపెడదాం."

రాజు సింహాసనంలో వెనక్కి జరిగాడు. రాణి పోయినప్పటి నుంచి ఆయనకి నిద్ర లేదు. వైద్యుణ్ణి అడిగితే ఆ సంగతి కోటంతా పాకుతుంది. అందుకని సందెవేళ గొంగళి కప్పుకుని వెళ్లి, ఆ గడపలో దగ్గి, అరుగు మీద కూర్చుని వస్తున్నాడు.

తిప్పనని దగ్గరకి పిలిచి, నీకెలా తెలిసిందని చెవిలో అడిగాడు.

"మీ తరవాత వరసలో నిలబడేది నేనే ప్రభూ," అన్నాడు తిప్పన, అంతే నెమ్మదిగా.

రాజు అతని ముఖంలోకి చూశాడు. తరవాత నవ్వాడు. రాణి పోయాక కొలువు ఆ నవ్వు వినడం అదే మొదలు.

జబ్బు అడగడం వరకే అమ్మేవాళ్ల పని, నిజం చెప్పడం కొనేవాళ్ల పని అని కొత్త తీర్పు వచ్చింది. కల్వం ఇంటికి చేరింది. తిప్పన చేతికి బంగారు కడియం వచ్చింది.

ఆ సాయంత్రం గొంగళి మనిషి గడపలో నిలబడి దగ్గాడు.

"నీ దగ్గు ఇప్పట్లో తగ్గేది కాదులే, కూర్చో నాయనా," అంది నాంచారమ్మ, కొంగుతో అరుగు తుడుస్తూ. "ఆ వెనకాల నిలబడ్డవాణ్ణి కూడా రమ్మను."