అందరి వాటా చేసిన దాలమ్మ

అనగా అనగా, కొండలకి ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, ఒక పెద్ద కొండ. కొండకి ఇవతల ఒక ఊరు. కొండకి అవతల ఒక మంత్రసాని. ఊరికీ మంత్రసానికీ మధ్య ఒకే ఒక్క దారి.

ఊరి పేరు అడగకండి. పేర్లు ఈమధ్య నా దగ్గర నిలవడం లేదు. దారి గుర్తుంది, దాలమ్మ గుర్తుంది. అవి కూడా జారిపోకముందే చెబుతాను, వినండి.

మంత్రసాని ముసలిది. చూపు ఆనదు, కాలు కదలదు. చేతులు మాత్రం బంగారం. అందుకని నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీలో పడుకోబెట్టి, కొండ దాటించి ఆమె గుమ్మంలో దించేవారు. ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా పుట్టింది కొండ అవతల, బతికేది కొండ ఇవతల.

వానలు పడితే ఆ దారి పోయేది. మూడుచోట్ల పోయేది. గెడ్డ దాటే చోట వాగు పొంగి రాళ్ళు కొట్టుకుపోయేవి. నున్నటి బండ దగ్గర పాకుడు పట్టి కాలు జారేది. కొండ భుజం దగ్గర, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ ఉన్న చోట, దారి అంచు విరిగి లోయలో పడేది.

అందుకే ఊరివాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వాన వెనకబట్టాక, సంతకి ముందు రెండు రోజులు దారి పని. కూలి లేదు, నాలి లేదు. ఇంటికొక మనిషి రావాలి. ఇంటికొక వాటా చెయ్యాలి. ఏ ఇంట్లోనైనా జబ్బో మైలో ఉంటే, ఆ ఇల్లు మనిషికి బదులు పారో గునపమో పంపవచ్చు. దానితో మరొకరు ఆ ఇంటి వాటా చేసిపెడతారు. "పార వస్తే మనిషి వచ్చినట్టే" అనేవారు. దయతో పెట్టిన మాట అది.

దయతో పెట్టిన మాట ఏమైందో చూడండి.

ఒక ఏడాది ఎర్రప్పడు మనిషికి బదులు గునపం పంపాడు. ఎర్రప్పడంటే ఊరందరినీ నవ్వించేవాడు. "నడుం పట్టేసింది బావా, ఏటి సేస్తాను? నా గునపానికి నడుం నొప్పి లేదు, దాన్ని అంపేసినాను" అన్నాడు. అందరూ నవ్వారు.

మరుసటి ఏడాది సగం ఊరు పారలు పంపింది. ఒకరికి చోడిచేలో కలుపు. ఒకరికి అత్తారింటి ప్రయాణం. ఒకరికి ఉత్త బద్ధకం. "పార ఎల్లింది కదేటి!" అన్నారు. వచ్చిన సగంమంది రానివాళ్ళను తిట్టుకుంటూ పని చేశారు.

ఇక మూడో ఏడాది.

ఆ ఏడాది ఊరిపెద్ద తవిటినాయుడి కూతురు బంగారమ్మ పురిటికి పుట్టింటికి వచ్చింది. ఒక్కగానొక్క కూతురు. తొలి కాన్పు. సీమంతానికి విస్తళ్ళు కుట్టడానికి దాలమ్మను పిలిపించారు.

దాలమ్మ ఊరి చివర గుడిసెలో ఒక్కతే ఉండేది. కొండ మీద అడ్డాకులు కోసుకొచ్చి విస్తళ్ళు కుట్టేది. ఊళ్ళో పెళ్ళయినా, దినమైనా, అందరూ తినేది దాలమ్మ కుట్టిన ఆకులోనే. దాలమ్మకి పెట్టేది మాత్రం అందరూ లేచాకే. ఆమె ఏనాడూ ఏమీ అనలేదు. ఎవరూ ఏనాడూ ఏమీ అనుకోలేదు.

బంగారమ్మ వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. "దాలప్పా, నువ్వు రోజూ కొండెక్కుతావు కదా. దారి ఎలాగున్నాది? నాకు బయమేస్తంది."

"ఇప్పుడు బాగోలేదు తల్లీ. నీ డోలీ ఎల్లేసరికి అరచెయ్యిలాగుంటాది. ఊరంతా కలిసి సేస్తాం కదేటి!"

వాన వెనకబట్టింది. దారి పని రోజులు వచ్చాయి. ముందురోజు సాయంత్రం, దారి మొదట్లో ఉన్న పెద్ద బండ దగ్గర ఎర్రప్పడు తన గునపం ఆనించి వెళ్ళిపోయాడు. "నేనొక్కణ్ణి లేకపోతే ఏటవుద్ది? ఊరంతా ఉన్నాది" అనుకున్నాడు. కాసేపటికి కమ్మరి గంగులు వచ్చి తన సుత్తీ ఉలీ పెట్టి వెళ్ళిపోయాడు. "నేనొక్కణ్ణి లేకపోతే ఏటవుద్ది? ఊరంతా ఉన్నాది" అనుకున్నాడు. తవిటినాయుడు పాలేరు చేత కొత్త పార పంపించాడు. ఆయనా అదే అనుకున్నాడు. ఇలా ఒక్కో ఇల్లూ.

తెల్లవారింది. దాలమ్మ వచ్చింది. ఆమె ఇంట్లో పార లేదు, గునపం లేదు. పంపడానికి ఏమీ లేని ఇల్లు మనిషినే పంపాలి. అందుకని వచ్చింది.

బండ చుట్టూ పారలు. గునపాలు. సుత్తి. ఊరంతా వచ్చి నిలబడ్డట్టే ఉంది. మనిషి మాత్రం ఒక్కడూ లేడు.

ఆమె కూర్చుని ఎదురుచూసింది. ఎండ మోకాళ్ళ దాకా పాకింది. అప్పుడు లేచి ఊళ్ళోకి వెళ్ళింది.

మొదట ఎర్రప్పడి గుమ్మం. "ఒరే అప్పడూ, అక్కడెవులూ..."

"ఒలే దాలమ్మత్తా! నా గునపం కనిపించలేదేటి? పొడుగ్గా, సన్నగా, అచ్చం నాలాగే ఉంటాది!" ఇంట్లోవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వుల్లో ఆమె మాట మునిగిపోయింది.

తర్వాత గంగులు కొలిమి. "గంగులూ, అక్కడెవులూ..."

"కొలిమి ఆరిపోద్దే అప్పా, మాటాడించకు. సుత్తి అంపినాను కదా."

చివరికి తవిటినాయుడి అరుగు. "బాబూ, అక్కడెవులూ..."

"పార రాలేదేటి?"

"వొచ్చింది బాబూ, కానీ..."

"పార వస్తే మనిషి వచ్చినట్టే. మా తాతలు పెట్టిన కట్టుబాటు. నాకే నేర్పుతావేటి?"

మూడు గుమ్మాల దగ్గరా దాలమ్మ మాట సగంలోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగింది. వసారాలో బంగారమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల ఈమెను చూసి నవ్వింది. దాలమ్మ తల దించుకుని నడిచింది.

బండ దగ్గరికొచ్చి ఎర్రప్పడి గునపం తీసుకుంది. కట్టుబాటు ఆమెకీ తెలుసు. పార పంపిన ఇంటి వాటా వచ్చిన మనిషి చెయ్యాలి. వచ్చిన మనిషి తనే.

గెడ్డలోకి దిగి గునపంతో రాళ్ళు దొర్లించింది. "ఇది ఎర్రప్పడి గునపం. ఇది ఎర్రప్పడి వాటా" అంది. పని అయ్యాక గునపాన్ని అక్కడే గట్టున పాతి వదిలేసింది. నున్నటి బండ మీద పాకుడు గీకి, కాలు ఆనడానికి గుంటలు కొట్టింది. "ఇది గంగులు సుత్తి. ఇది గంగులు వాటా" అంది. సుత్తిని అక్కడే వదిలేసింది. ఏ ఇంటి పారతో ఆ ఇంటి వాటా. ఏ వాటా దగ్గర ఆ ఇంటి పార.

రెండో రోజు వాన మళ్ళీ మొదలైంది. దాలమ్మ దిగి రాలేదు. ఊరి చివర గుడిసెలో పొయ్యి వెలగలేదు. వెలగలేదని చూసినవాళ్ళు లేరు.

ఆ మర్నాడు పొద్దున్నే బంగారమ్మకి నొప్పులొచ్చాయి. డోలీ ఎత్తారు. ముందు ఎర్రప్పడు, వెనక గంగులు, పక్కన తవిటినాయుడు. వాళ్ళ వెనక ఊళ్ళోని మగవాళ్ళు.

గెడ్డ దగ్గరికొచ్చారు. రాళ్ళు వరసగా, కదలకుండా ఉన్నాయి.

"మనోళ్ళు బాగా సేసినార్రా" అన్నాడు నాయుడు. "ఎవులు సేసినారు?"

"నేను కాదు నాయుడుబావా. నా గునపం వొచ్చింది, అంతే." ఎర్రప్పడు నవ్వాడు. నవ్వుతూనే చూశాడు. గట్టున అతని గునపం బురదతో నిలబడి ఉంది.

నున్నటి బండ దగ్గరికొచ్చారు. కాలు జారలేదు.

"గంగులూ, నువ్వొచ్చినావేటి?" అన్నాడు ఎర్రప్పడు.

"రాలేదు. నువ్వొచ్చినావనుకున్నాను." గంగులు కాళ్ళ దగ్గర అతని సుత్తి. పిడి మీద రక్తం చార.

దారి పొడుగునా పారలు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కడు తన పార దగ్గరికి రాగానే మొహం తిప్పుకున్నాడు. ఎర్రప్పడు మరి నవ్వలేదు.

కొండ భుజం దగ్గర దాలమ్మ కొండకి వీపు ఆనించి కూర్చుని ఉంది. చీర తడిసి ముద్దయింది. ఒళ్ళు కాలిపోతోంది. తవిటినాయుడి పార ఒళ్ళో ఉంది. విరిగిన అంచు చాలావరకు రాళ్ళతో పేర్చి ఉంది. చివర మాత్రం కొంత ఖాళీ. అడుగు పెడితే లోయ.

దాలమ్మ ఆయన్ని చూసి లేవబోయింది. లేవలేకపోయింది.

"నాయుడుబాబూ, అందరి వాటాలూ అయిపోనాయి. మీదే కాస్త మిగిలిపోనాది. ఏటనుకోకండి."

వెనక డోలీలో కూతురు కేక పెట్టింది. తవిటినాయుడు దాలమ్మ ఒళ్ళోంచి పార అందుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రాయి మీద రాయి పెట్టాడు. చేతులకి అలవాటు లేక తోలు లేచిపోయింది. మన్ను పోసి తొక్కాడు. దారి నిలబడింది.

"పదండి, పదండి!" అన్నాడు.

అక్కడ దారి ఇరుకు. డోలీకి అడ్డమని దాలమ్మ కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.

డోలీలోంచి బంగారమ్మ పళ్ళ బిగువున అంది: "నాన్నా, దాలప్పకి నీళ్ళియ్యండి."

"వచ్చేటప్పుడు ఇద్దాం తల్లీ. వచ్చేటప్పుడు."

ఎర్రప్పడు దాటాడు. గంగులు దాటాడు. నాయుడు దాటాడు. వెనక వచ్చిన మగవాళ్ళంతా దాటారు. అందరి భుజాల మీదా నీళ్ళు నింపిన సొరకాయ బుర్రలున్నాయి. ఒక్కరి చెయ్యీ బుర్ర మీదికి పోలేదు. ఆగితే ఆమె మొహం చూడాలి. అది చేతకాకే అంత గబగబా నడిచారు. తొందర పురుటిదని తర్వాత చెప్పుకున్నారు.

మంత్రసాని బంగారు చేతుల్లో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బాగుంది, పిల్లా బాగుంది. తవిటినాయుడు ఆ పిల్లను కళ్ళారా చూడకుండానే బుర్ర నిండా నీళ్ళు పట్టుకుని వెనక్కి పరుగెత్తాడు.

దాలమ్మ అలాగే ఉంది. డోలీకి అడ్డమని ముడుచుకున్న కాళ్ళు ముడుచుకున్నట్టే ఉన్నాయి. నాయుడు బుర్ర ఆమె పెదవులకి ఆనించాడు. నీళ్ళు గడ్డం మీదుగా కారిపోయాయి.

ఆమెను అదే డోలీలో కొండ దించారు. గంగులు ఏడ్చాడు. ఊళ్ళోకి వచ్చాక ఆడవాళ్ళు "ఏటైంది?" అని అడిగితే, చెప్పడానికి ఒక్క మగాడూ ముందుకు రాలేదు. చివరికి పచ్చి బాలింత బంగారమ్మే ఇంటికొచ్చాక అందరికీ చెప్పింది. తండ్రి అన్న మాటతో సహా చెప్పింది. తవిటినాయుడు అక్కడే నిలబడి విన్నాడు.

దారిలో పాతిన పారల్ని ఎవరూ వెనక్కి తెచ్చుకోలేదు. అవి ఎండకి ఎండి, వానకి తడిసి, తుప్పు పట్టి మన్నులో కలిసిపోయాయి.

ఆనాటి నుంచి ఆ ఊళ్ళో పార పంపే కట్టుబాటు పోయింది. జబ్బున్న ఇంటి వాటా, మైల ఉన్న ఇంటి వాటా, అడక్కుండానే పక్కింటివాళ్ళు చేస్తారు. కొండ భుజం దగ్గర ఎవరు కూర్చుని కనిపించినా ముందు నీళ్ళిస్తారు, తర్వాత పేరడుగుతారు. ఆ దారి మీద ఎంత తొందరలో ఉన్నా "వచ్చేటప్పుడు చూద్దాం" అనే మాట ఎవరి నోటా రాదు. పిల్లలు తెలియక అంటే పెద్దలు నోరు మూయిస్తారు.

కథ ఇంతే. ఒక్కటి మిగిలింది, అది మరిచిపోతే కథంతా మరిచిపోయినట్టే.

ఇప్పటికీ సంతకి వెళ్ళే పరాయి ఊరివాళ్ళు ఆ దారిన నడిచి, "ఎంత బాగా చేసుకున్నారయ్యా మీ దారి!" అని మెచ్చుకుంటారు. ఆ మాట వినగానే ఆ ఊరివాళ్ళు, చిన్నా పెద్దా, తల వంచుకుంటారు.

పరాయివాళ్ళు అది అణకువ అనుకుంటారు.