మూసిన తొర్రలు

ఆ రోజు మెకానిక్ షెడ్డులో ఎల్లేశం ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పానా అడిగిన వాళ్లకు విసిరి ఇచ్చాడు. చాయ్ తెచ్చిన బాలమణితో చాయ్ చల్లారిపోయిందని గొడవపడ్డాడు. చాయ్ వేడిగానే ఉంది. పాపం, ఆమె గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

అతని కోపానికి కారణం ఉంది. న్యాయమైన కారణమే.

శంకరప్ప సేటుకు టాపు వెనక్కి మడిచే కారు ఒకటుంది. పెళ్లి బరాత్‌లకు కిరాయికి ఇస్తాడు. వాన పడితే లోపలికి నీళ్లు వస్తున్నాయని షెడ్డుకు పంపితే ఎల్లేశమే దాన్ని బాగు చేశాడు. శ్రావణమాసం పెళ్లిలో ఊరేగింపు మధ్యలో వాన దంచికొట్టింది. టాపు మూశారు. చాలాసేపు చుక్క రాలేదు. మలుపు దగ్గర డ్రైవరు బ్రేకు వేసేసరికి మాత్రం సీటు వెనక నుంచి బిందెడు నీళ్లు ఒక్కసారిగా పెళ్లికూతురి మీద పడ్డాయి. పట్టుచీర తడిసి ముద్దయింది. ఆ పిల్ల అందరి ముందూ ఏడ్చింది.

మర్నాడు సేటు కారును షెడ్డు ముందు ఆపి, పనివాళ్లందరూ చూస్తుండగా ఎల్లేశాన్ని తిట్టాడు. పనిని తిడితే సరే అనుకోవచ్చు. అతని తల్లిని పట్టి ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. అన్నవాడికి లేని సిగ్గు నాకుంది. డబ్బున్నంత మాత్రాన ఎవరి తల్లినైనా వీధిలోకి ఈడ్చవచ్చని ఇలాంటి వాళ్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

ఎల్లేశం నోరు మూసుకుని నిలబడ్డాడు. సేటు షెడ్డుకు పెద్ద గిరాకీ, పైగా ఆ సమయానికి ఉస్తాద్ నమాజుకు వెళ్లాడు. షెడ్డు జిలానీ ఉస్తాద్‌ది. ఎల్లేశం ఆయన చేతి కింద పని నేర్చుకున్న షాగిర్దు. ఉస్తాద్ ఎవరికైనా పని నేర్పితే చేతులతో నేర్పుతాడు గానీ మాటలతో కాదని అక్కడ అందరికీ తెలుసు.

చివరికి ఎల్లేశం ఆయన దగ్గరికి వెళ్లాడు.

"ఉస్తాద్, నా పనిల తప్పు లేదు. నీళ్లొచ్చే తొర్ర ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే. సేటు అందరి ముందట నాకు మాఫీ చెప్పాలె. మీరు చెప్పియ్యకుంటే నేను ఈ షెడ్డు ఇడిసి పోత."

జిలానీ అతని భుజం మీదుగా చూశాడు. సేటు వదిలి వెళ్లిన కారు మూలనే ఉంది.

"బండ్ల కూసో," అన్నాడు.

ఎల్లేశం టాపు మూసిన కారులో వెనక సీట్లో కూర్చున్నాడు. ఉస్తాద్ నీళ్ల పైపు తెచ్చి టాపు మీద పట్టాడు. తాపీగా, మొక్కలకు పోస్తున్నట్టు పోస్తూనే ఉన్నాడు. లోపల చుక్క పడలేదు. ఎల్లేశం సీటు మీద చెయ్యి వేసి చూసుకుని, అద్దంలోంచి పనివాళ్లందరి వైపూ చూశాడు. ఇప్పుడేమంటారు అన్నట్టుంది ఆ చూపు.

ఉస్తాద్ నల్లా కట్టేశాడు. వచ్చి స్టీరింగు ముందు కూర్చుని, కారును షెడ్డు గేటు దాకా నడిపి బ్రేకు తొక్కాడు.

నీళ్లన్నీ ఎల్లేశం మీద పడ్డాయి. మెడ దగ్గర మొదలై చెప్పుల దాకా తడిశాడు. ఎవరో నవ్వబోయి ఉస్తాద్‌ను చూసి ఆపుకున్నారు.

జిలానీ దిగి టాపు వెనక్కి మడిచాడు. టాపు అంచు కింద, సీటు వెనక, సన్నటి కాలువ ఉంది. అందులో ఇంకా నీళ్లు నిలిచి ఉన్నాయి. కాలువకు రెండు చివర్లా ఉన్న తొర్రల నిండా నల్లటి సీలెంటు జిగురు గట్టిపడి ఉంది.

"ఇవి ఎవరు మూసిండ్రు?"

"నేనే. నీళ్లు రావొద్దని."

"ఇవి నీళ్లొచ్చే తొవ్వలు కావు బిడ్డా. పోయే తొవ్వలు."

ఎల్లేశం వంగి సీలెంటును గీకి తీయడం మొదలుపెట్టాడు. అతనికిప్పుడు తన మీద తనకే ఒళ్లు మండుతోంది. తొర్ర కింది రబ్బరు గొట్టంలోకి ఉస్తాద్ ఇచ్చిన మెత్తని ప్లాస్టిక్ తీగను దించాడు. గట్టి తీగ అయితే గొట్టం చిరుగుతుంది. కుళ్లిన బంతిపూల రెక్కలు బయటికి వచ్చాయి. తలంబ్రాల బియ్యం ఉబ్బి కంపుకొడుతూ వచ్చింది. మెరుపు కాగితాలూ వచ్చాయి. ఎన్ని పెళ్లిళ్ల చెత్తో. మొదట్లో నీళ్లు లోపలికి వచ్చింది ఆ చెత్త వల్లే. దాన్ని తీయాల్సినవాడు తొర్రనే మూసేశాడు.

మళ్లీ నీళ్లు పోస్తే వెనక చక్రం పక్క నుంచి ధారగా నేల మీదికి పోయాయి.

ఎల్లేశం చేతులు తుడుచుకున్నాడు. పనిలో తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. కానీ అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పని తప్పు నాదే. మరి ఆ మాట, ఉస్తాద్?"

"నాకెందుకు చెప్తున్నవ్? ఆ మాట నేనన్ననా?"

సాయంత్రం శంకరప్ప సేటు కారు కోసం వచ్చాడు. ఎల్లేశం ఎదురు వెళ్లి నిలబడ్డాడు. తొర్రలు తానే మూశానని, పెళ్లికూతురి చీర తడవడానికి తానే కారణమని, ఇప్పుడు సరిచేశానని చెప్పాడు. సేటు ఛాతీ విరుచుకున్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాడు.

"కని సేటూ," అన్నాడు ఎల్లేశం. "బండి ఖరాబు చేసింది నేను. మా అమ్మ గాదు. ఆమె మాట ఎందుకు తీసినవ్?"

షెడ్డులో సుత్తి చప్పుళ్లు ఆగిపోయాయి. సేటు ముఖం ఎర్రబడింది. జవాబు ఎల్లేశానికి చెప్పకుండా జిలానీ వైపు తిరిగాడు.

"ఏంది జిలానీ భాయ్, నీ షాగిర్దు గింత మాట్లాడుతుండు. నోరు మూసుకోమని చెప్పవా?"

జిలానీ ప్లాస్టిక్ తీగను గుడ్డతో తుడుస్తూ తలెత్తాడు.

"ఒకసారి మూసి చూసినం సేటూ. పాపం, పెండ్లిపిల్ల తడిసింది."