వాకిట్లో నాలుగు గళ్ళ ముగ్గు

కాశీ, ఆ దుప్పటి చెల్లెలిక్కూడా కప్పరా. రత్నాలూ, కాళ్ళు ముడుచుకోవే. ఊ ఆగిందో, నా కథా ఆగుతుంది, ముందే చెబుతున్నా.

అనగనగా ఒక ఊళ్ళో ఒక అత్తగారు, నాంచారమ్మ. ఆవిడకో కోడలు, పేరిందేవి. ఆ పిల్లకి పుట్టింట్లో వాళ్ళ తాత లెక్కలు నేర్పాడు. అందుకని వాకిట్లో ముగ్గు పెట్టమంటే పద్మం వెయ్యదు, తీగలు వెయ్యదు. నాలుగు గళ్ళు గీసి గడికో అంకె వేసి కూర్చుంటుంది. అత్తగారికి ఒళ్ళు మండేది. వీధిలో పదిమందీ నవ్వుతున్నారే, తల కొట్టేసినట్టుందే అని రోజూ సాధింపే. పాపం, పేరిందేవి ఊరుకునేది. నేనైతే ఊరుకునేదాన్నా?

ఆ ఊరి చివర పాత గడ్డివామి, అందులో ఒక దెయ్యం. బతికున్న రోజుల్లో రాజుగారి ఏనుగులకీ గుర్రాలకీ మేత కొలిచేదట. చచ్చినా ఆ బుద్ధి పోలేదు. దొరికినవాళ్ళని పట్టుకుని మేత లెక్క అడిగేది. చెప్పలేకపోతే జన్మంతా అక్కడే గడ్డిమోపులు కట్టాలి. అలా ఎంతమంది ఉండిపోయారో! ఊ కొడుతున్నారా?

ఒకనాడు మిట్టమధ్యాహ్నం గేదె అరుస్తోందని నాంచారమ్మ గడ్డి పీకడానికి ఆ వామి దగ్గరికే వెళ్ళింది. ఇంకేముంది, లెక్క చెప్పలేకపోయేసరికి దెయ్యం ఆవిణ్ణి పీకలదాకా గడ్డిలో కూరేసింది. ఆవిడ కేకలు విని కోడలు చేతిలో ముగ్గుబుట్టతోనే పరుగెత్తింది.

దెయ్యం అడిగిందీ, రెండు ఏనుగులూ మూడు గుర్రాలూ రోజుకి ఇరవయ్యారు మోపులు తింటాయి. ఒక ఏనుగూ నాలుగు గుర్రాలూ పద్ధెనిమిది తింటాయి. ఏనుగుకెన్ని, గుర్రానికెన్ని? తప్పు చెబితే మీ అత్తతో పాటు నువ్వూ ఇక్కడే, అంది.

పేరిందేవి నేలమీద నాలుగు గళ్ళు గీసింది. పైన రెండు, మూడు. కింద ఒకటి, నాలుగు. ఎడంవైపు ఏనుగులు, కుడివైపు గుర్రాలు. ఇక మొదలెట్టింది: ఈ మూలా ఆ మూలా హెచ్చవేసి, ఆ జంటకి ఎదురు జంట హెచ్చవేసి, దాంట్లోంచి ఇది తీసేసి! రెండు నాలుగులు ఎనిమిది, మూడు ఒకట్లు మూడు. పోతే ఎంతరా కాశీ? ఐదు. శభాష్. ఆ ఐదుని పక్కన పెట్టుకుంది.

తర్వాత ఏనుగుల్ని చెరిపేసి, ఆ చోట మోపులు రాసింది, పైన ఇరవయ్యారు, కింద పద్ధెనిమిది. మళ్ళీ ఈ మూలా ఆ మూలా హెచ్చవేసి, ఆ జంటకి ఎదురు జంట హెచ్చవేసి, దాంట్లోంచి ఇది తీసేసి! నూటనాలుగులో యాభైనాలుగు పోతే యాభై. పక్కనున్న ఐదుతో పంచితే పది. ఏనుగుకి పది మోపులు! ఏనుగుల్ని మళ్ళీ వాటి చోట పెట్టి, గుర్రాల చోట మోపులు రాసి, అలాగే చేస్తే పది మిగిలింది. ఐదుతో పంచితే గుర్రానికి రెండు!

దెయ్యం నోరెళ్ళబెట్టింది. కానీ మొండిది కదూ, ఇంకోటి అడుగుతానంది. రెండు ఒంటెలూ మూడు ఎద్దులూ పంతొమ్మిది మోపులు. నాలుగు ఒంటెలూ ఆరు ఎద్దులూ ముప్ఫయ్యెనిమిది. దేనికెన్ని?

నాంచారమ్మ గడ్డిలోంచి ఒకటే గోల. ఏదో ఒకటి చెప్పేయవే, ఊపిరాడ్డం లేదే అని. పేరిందేవి తొందరపడలేదు. మళ్ళీ గళ్ళు గీసింది. రెండు ఆర్లు పన్నెండు, మూడు నాలుగులు పన్నెండు. పన్నెండులో పన్నెండు పోతే? ఏమీ లేదు. గుండుసున్నా! పంచడానికి ఏమీ లేదు!

ఆ పిల్ల ముగ్గుచేతులు దులుపుకుని లేచి అందీ: "నువ్వు రెండు మాటలు చెప్పలేదు, ఒక్క మాటే రెట్టించి చెప్పావు. ఒంటెకి ఎనిమిది, ఎద్దుకి ఒకటి అన్నా సరిపోతుంది. ఐదూ మూడూ అన్నా సరిపోతుంది. నేనొకటంటే నువ్వు ఇంకోటంటావు. ఇన్నాళ్ళూ అందర్నీ ఇలాగే పట్టుకున్నావు కదూ?"

దెయ్యం తల దించేసుకుంది. పట్టినవాళ్ళందర్నీ వదిలేసి, ఆ ఊరి పొలిమేర దాటి వెళ్ళిపోయింది.

నాంచారమ్మ జుట్టునిండా గడ్డితో తిన్నగా ఇంటికొచ్చిందా? అబ్బే! గడపగడపకీ వెళ్ళి, మా కోడలే, మా పేరిందేవే నన్ను విడిపించింది అని చెప్పుకుంది. మర్నాడు తెల్లారకుండానే తనే కళ్ళాపి చల్లి, ముగ్గుబుట్ట కోడలి చేతికిచ్చి, నీ గళ్ళు వెయ్యవే తల్లీ, వీధి చివరికి కనపడేలా వెయ్యి అంది.

కాబట్టి పిల్లలూ, ఎవరైనా రెండు మాటలు చెబితే, అవి నిజంగా రెండో కాదో చూసుకుని మరీ జవాబు చెప్పండి.

ఆ పేరిందేవి ఎవరనుకున్నారు? మా అమ్మమ్మ! మన వాకిట్లో రోజూ ఉండే నాలుగు గళ్ళూ ఆవిడవే. నా నడుం ఇక వంగడం లేదు. రత్నాలూ, రేపటి నుంచి నువ్వు వెయ్యాలే, నా బంగారు తల్లీ.

సరే, కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.